ఇటికల సంగతి చెప్పిన వరహాలు మేస్త్రి

వరహాలు మేస్త్రిది సబ్బవరం దగ్గర చిన్న పల్లె. ఎకరన్నర మెట్ట, నలుగురు అన్నదమ్ములు. వాన పడితే చోడి అంబలి, పడకపోతే అదీ లేదు. పదిహేడో ఏట ఇంట్లో చెప్పకుండా నడిచి విశాఖపట్నం వచ్చి పాతూరులో ఒక పెద్ద మేస్త్రి దగ్గర సున్నం కలిపే పనికి కుదిరాడు. చేతిలో పనితనం ఉన్నవాడు, మాట తక్కువవాడు. నలభై దాటేసరికి పాతూరులో ఆయన చెయ్యి పడని గోడ లేదనిపించుకున్నాడు. భార్య సన్యాసమ్మ గమేళాతో సున్నం మాలు అందిస్తే, ఆయన పైన వరస పేర్చేవాడు. ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాటా మాట్లాడుకోకుండా పని చెయ్యగలరని కూలీలు నవ్వుకునేవారు.

పూర్ణా మార్కెట్టు దాటి రేవు వైపు దిగితే పడవలోళ్ళ వీధి ఉండేది. వంద గడప. అందరూ ముస్లింలే, కానీ రెండు వర్గాలు. ఎనభై ఇళ్ళు సున్నీలవి. మిగిలినవి షియాలవి. వాళ్ళ తాతలు బందరు నుంచి వచ్చి ఓడల కంపెనీల్లో గుమస్తాలుగా కుదురుకున్నారు. వీధి చివరి మసీదు సున్నీలది. నడుమనున్న ఆషుర్‌ఖానా షియాలది. చుట్టుపక్కల తెలుగువాళ్ళు దాన్ని పీర్ల చావిడి అంటారు. మొహర్రం నెలలో అక్కడ పీర్లు నిలబెట్టి, కర్బలాలో గుక్కెడు నీళ్ళు దొరక్క ప్రాణం విడిచిన ఇమాం హుస్సేన్‌ని తలుచుకుని పది రోజులు గుండెలు బాదుకుంటారు. ఊరేగింపు వెళ్తుంటే సున్నీల ఆడవాళ్ళు కూడా పిల్లల్ని ఎత్తుకుని గుమ్మాల్లో నిలబడి చూసేవారు. పీరు కింద దూరితే బిడ్డకి జ్వరం తగ్గుతుందని మార్కెట్టులో కూరలమ్మే గురువమ్మ లాంటివాళ్ళు కూడా వచ్చేవారు.

ఆ వీధిలో వరహాలుకి బాగా కావలసినవాళ్ళు ఇద్దరు. ఒకడు షేక్ మొహిద్దీన్, సున్నీ, పోర్టులో వించి డ్రైవరు. వరహాలూ ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవారు. రెండోవాడు మీర్ బాఖర్ హుస్సేన్, షియా, టాలీ గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. మొహిద్దీన్ ఓడలోంచి మూటలు దించుతుంటే కింద నిలబడి వాటికి టిక్కులు పెట్టిన మనిషి బాఖరే. పాతికేళ్ళు ఓడలు ఆగే ఒకే ధక్కా మీద ఒకే ఎండలో పని చేశారు. బాఖర్ అన్నగారు ఆబిద్ పెళ్ళి చేసుకోలేదు. ఆషుర్‌ఖానాలోనే ఉండి ఊడ్చి, దీపం పెట్టి, పీర్లకి గంధం పూసి బతికేవాడు. ఆయన్ని వీధంతా పెద్దసాయిబు అనేది.

1981 వానల్లో ఆషుర్‌ఖానా ముందుగోడ నెర్రిచ్చింది. మొహర్రం లోపల కొత్త గోడ కట్టి ఇస్తానని వరహాలు ఒప్పుకుని, ఒక లారీ ఇటిక గోడవార దింపించాడు. ఇంతలో గాజువాకలో పెద్ద పని తగిలింది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని అక్కడంతా ఇళ్ళ మీద ఇళ్ళు లేస్తున్న రోజులవి. ఈ గోడకేం తొందరలే అనుకుని అటు వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వీధిలో గాలి బాగాలేదు. ఊరేగింపు మసీదు ముందు నుంచి నమాజు వేళకి వెళ్తోందని ఒకరు, కావాలనే నమాజు అటు జరుపుతున్నారని ఒకరు. షియాల పిల్లలు మా పెద్దల్ని తిడుతున్నారని సున్నీల పిల్లలు, మీరు మా దుఃఖాన్ని ఎగతాళి చేస్తున్నారని షియాల పిల్లలు. ఎవరో బయటి ఊరి నుంచి తెచ్చిన కరపత్రాలు చేతులు మారాయి. మొహర్రం ఆరో రోజు వరహాలు ఏదో పనికి ఆ వీధిన పోతుంటే పెద్దసాయిబు పిలిచాడు.

“వరహాలూ, ఈ ఇటికలు ఇక్కడ్నుంచి తీయించేయ్. రోజులు బాగాలేవు.”

“రేపు తీయిత్తాను సాయిబుగారూ. బండి మాటాడాలి.”

“ఇవాళే చూడు నాయనా.”

“రేప్పొద్దుటికల్లా తీయించీత్తాను కదా” అని నవ్వి వెళ్ళిపోయాడు వరహాలు.

మర్నాడు మధ్యాహ్నం బండి వెంటబెట్టుకుని వచ్చేసరికి వీధి మొదట్లోనే జనం పరుగెత్తుకొస్తున్నారు. ఊరేగింపు మసీదు దగ్గర ఆగింది. మాటా మాటా పెరిగింది. తోపులాట రాళ్ళదాకా వచ్చింది. అయితే ఆ వీధిలో రాళ్ళెక్కడివి? గోడవార లారీ ఇటిక ఉంది. వరహాలు కళ్ళముందే పదులకొద్దీ చేతులు ఆ కుప్ప మీద పడ్డాయి. దుమ్ములో ఎవరు ఎవరో తెలియలేదు. మొహిద్దీన్ కొడుకు ఖాజా, ఇరవైరెండేళ్ళవాడు, కణతకి ఇటిక తగిలి కూలబడిపోయాడు. మళ్ళీ లేవలేదు. అది జరిగిన అరగంటకి మూడు షియా కొట్లు, రెండు సున్నీ కొట్లు, ఆషుర్‌ఖానా మండిపోతున్నాయి. అందరూ బయటికి వచ్చారు గానీ పెద్దసాయిబు పీర్లు తేవడానికి లోపలికి వెళ్ళాడు. పీర్లని కిటికీలోంచి బయటికి అందించాడు. ఆయన మాత్రం రాలేదు.

పోలీసులొచ్చారు. ఇటికల దగ్గర గొడవ మొదలైందని, ఆషుర్‌ఖానా వాళ్ళు దాడికి ముందే ఇటికలు పోగేసుకున్నారని వీధిలో మాట పుట్టింది. గోడ కట్టడానికి వరహాలు మేస్త్రి దింపించాడని బాఖర్ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు వరహాలుని పిలిపించి అడిగాడు. అప్పటికి ఖాజా పోయి రెండు రోజులు. ఆ ఇటికలు నీవేనా అని అడుగుతున్న మనిషి బెల్టు వైపు చూస్తూ వరహాలు, “నాకు తెలీదు బాబూ. నాను తేనేదు” అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. ఆరుగురు షియా కుర్రాళ్ళ మీద కుట్ర కేసు పెట్టారు. బెయిలు మీద వచ్చారు గానీ ప్రతి సోమవారం స్టేషన్లో సంతకం పెట్టాలి. వీధిలో సున్నీలకి ఇక అనుమానం మిగల్లేదు. వాళ్ళు చంపడానికే సిద్ధపడ్డారు అన్నారు. షియాలకి తమ మాట ఎవరూ నమ్మరని తేలిపోయింది. నూతి దగ్గర వరసలు వేరయ్యాయి. పాలు పోసే మనిషి ఒకే వీధికి రెండుసార్లు రావలసి వచ్చింది. చావు ఊరేగింపులు కూడా ఎదురుగుమ్మాలు తలుపులు వేసుకున్నాకే కదిలేవి.

ఇంట్లో సన్యాసమ్మ ఒక్కటే అడిగింది. “ఆ ఇటికలు మనయే గదా?”

“నోరు మూసుకో.”

ఆమె మూసుకుంది. కానీ మర్నాటి నుంచి గమేళా అందించేటప్పుడు మొగుడి మొహం చూడ్డం మానేసింది.

1982 వేసవిలో కలెక్టరు కచేరీ వాళ్ళు రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెట్టి, కాలిపోయిన కొట్లూ ఆషుర్‌ఖానా మళ్ళీ కట్టిద్దామన్నారు. మేస్త్రి ఎవరు? ఇద్దరికీ సమ్మతమైన మనిషి వరహాలు ఒక్కడే. మొహిద్దీన్ సరేనన్నాడు. బాఖర్ వరహాలు కేసి చూసి, సరేనన్నాడు. ఆ చూపుతో వరహాలుకి అర్థమైంది. తన అబద్ధం ఈయనకి తెలుసు. తెలిసి కూడా నలుగురిలో అనలేదు.

పునాదులు తవ్వి పని మొదలెట్టారు. కొట్ల దగ్గరా ఆషుర్‌ఖానా దగ్గరా ఒకేసారి గోడలు లేపమని అధికారులు చెప్పారు, ఎవరికీ ముందు వెనకా అనిపించకుండా. రెండు అడుగులు లేచింది ఆషుర్‌ఖానా గోడ. మర్నాడు పొద్దున వచ్చేసరికి నేలమట్టమై ఉంది. వరహాలు మళ్ళీ కట్టాడు. ఈసారి సున్నీల కొట్టు గోడ పడిపోయింది. మళ్ళీ కట్టాడు. రెండూ పడిపోయాయి. కూలీలు పని మానేశారు. నాలుగోసారి పచ్చి గోడ కూలిన చోట వరహాలు కూర్చుని, విడిపోయిన మాలు చేత్తో తీస్తుంటే సన్యాసమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“ఎన్నిసార్లు కడతావు?” అంది.

“పడగొట్టీవోల్లు అలిసిపోయినదాకా.”

“ఆల్లు అలిసిపోరు. సచ్చిపోయినోడి ఇటిక సంగతి తేలకుండా ఇంకో ఇటిక నిలబడదు ఇక్కడ. అది నీకూ తెలుసు.”

ఎనిమిది నెలల తర్వాత ఆమె మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడింది. వరహాలు తాపీ గమేళాలో పెట్టి, చేతులు కడుక్కుని, తలకి చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకుని లేచాడు.

మొహిద్దీన్ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొడుకు పోయాక మనిషి సగమైపోయాడు. వించి మీద చెయ్యి వణుకుతోందని పోర్టువాళ్ళు కింద పనికి మార్చారు. లోపల గుమ్మం వారగా ఆయన భార్య రహమత్‌బీ బియ్యం ఏరుతోంది.

“రా బావా. మళ్ళీ పడిందటగా?”

వరహాలు కూర్చోలేదు. “బావా, ఆ ఇటికలు నాయి.”

“ఏ ఇటికలు?”

“ఆ రోజు ఆషుర్‌ఖానా గోడ కాడున్నయి. నానే దింపించినాను. ఆల్లు పోగెయ్యనేదు. గోడ నెర్రిచ్చిందని కట్టడానికి తెప్పించినాను. గాజువాకలో పని తగిలితే ఈటిని వొదిలీసి ఎల్లిపోనాను. ముందురోజు పెద్దసాయిబు పిలిసి సెప్పినాడు, తీయించీ నాయనా అని. రేపన్నాను.”

మొహిద్దీన్ అరుగు మీంచి కాళ్ళు కిందికి దించాడు. “పోలీసుల కాడ తెలీదన్నావు.”

“భయపడి అబద్ధం సెప్పినాను.”

“ఎవడు విసిరాడు?”

“తెలీదు. సూసుంటే సెప్పుదును. దుమ్ములో ఎవరూ ఆనలేదు. ఇది మాత్రం నిజం.”

లోపల బియ్యం చాట నేలమీద పెట్టిన చప్పుడైంది. రహమత్‌బీ లేచి నిలబడింది. వరహాలు వైపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాడు. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

“ఎనిమిది నెలలు,” అన్నాడు మొహిద్దీన్ మెల్లగా. “ఎనిమిది నెలలూ నాను రోజూ ఒకటే అనుకున్నాను. నా కొడుకుని సంపాలని ముందే అన్నీ సిద్ధం సేసుకున్నారని. బాఖర్ నాతోపాటు పాతికేళ్ళు పని సేసి, నా బిడ్డ కోసం ఇటికలు పేర్చినాడని. అదనుకునే కూడు తిన్నాను. నువ్వు ఈ అరుగు మీదే కూకుని టీ తాగినావు కదరా.”

“తాగినాను.”

“పో. ఇంక నా గడప తొక్కకు.”

వరహాలు అక్కణ్ణుంచి సరాసరి బాఖర్ ఇంటికి వెళ్ళాడు. బాఖర్ కళ్ళద్దాలు పెట్టుకుని వరండాలో ఏదో పుస్తకం చదువుకుంటున్నాడు.

“సాయిబుగారూ, మొహిద్దీన్ బావకి సెప్పీసినాను.”

బాఖర్ పుస్తకం మూసి కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు. “నువ్వొస్తావని ఆ రోజు నుంచీ చూస్తున్నాను వరహాలూ.”

“మరి మీరే నలుగురిలో అడగచ్చు కదండీ.”

“నేను అడిగి చెప్పిస్తే అది నా మాట అవుతుంది. నా మాట ఎవరు నమ్ముతున్నారు ఇప్పుడు?” పుస్తకం మీద చెయ్యి వేసి, “అన్నయ్య నీకు చెప్పాడా, తీసేయమని?” అన్నాడు. అన్నగారు చెప్పే ఉంటాడన్న అనుమానమే గానీ ఆ సంగతి ఆయనకి తెలియదు.

“సెప్పినాడండి. నాయనా అని పిలిసి మరీ సెప్పినాడు.”

బాఖర్ కళ్ళద్దాలు తీశాడు. అద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత, “నాకు చెప్తే సరిపోదు. ఆ ఆరుగురు పిల్లలూ సోమవారం సోమవారం దొంగల్లా సంతకాలు పెడుతున్నారు. ఎక్కడ అబద్ధం చెప్పావో అక్కడే నిజం చెప్పు” అన్నాడు.

మర్నాడే వరహాలు స్టేషనుకి వెళ్ళాడు. ముందెందుకు దాచావని రెండు రోజులు అక్కడే కూర్చోబెట్టారు. ఎలా అడగాలో అలానే అడిగారు. మూడో రోజు వాంగ్మూలం మీద వేలిముద్ర వేసి, కుంటుకుంటూ బయటికొచ్చాడు. గేటు దగ్గర సన్యాసమ్మ చద్దన్నం మూటతో నిలబడి ఉంది. కేసున్న మనిషని ఉక్కు కాలనీలో వరహాలుకి రావలసిన క్వార్టర్ల పని వేరే మేస్త్రికి ఇచ్చేశారు. పాతూరులో కొందరు ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నారు. షియాలలో కూడా, వీడు ముందే నోరిప్పి ఉంటే మన పిల్లలకి ఈ గతి పట్టేది కాదు కదా అన్నవాళ్ళున్నారు. ఆ మాట నిజమేనని వరహాలు ఒప్పుకున్నాడు. ఎవరితోనూ వాదించలేదు.

అయినా వీధిలో ఏదో మారింది. ముందే పోగేసుకున్నారన్న మాట ఇక ఎవరూ గట్టిగా అనలేకపోయారు. మరి మంట సంగతేమిటి అని షియాలు అడగడం మొదలెట్టారు.

మళ్ళీ మొహర్రం వచ్చింది. ఏడో రోజు పెద్దసాయిబు పోయి ఏడాది. కాలిపోయిన ఆషుర్‌ఖానా ఆవరణలోనే టార్పాలిన్ కట్టి షియాలు సంతాపసభ పెట్టుకున్నారు. వీధి మొదట్లో పోలీసు వ్యానుంది. వరహాలుని బాఖరే పిలిచాడు. వరహాలు వెనక వరసలో మూలగా కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ టార్పాలిన్ మీద కాస్తోంది. కర్బలా కథ చెప్తున్న పెద్దాయన సగంలో ఉండగా గుమ్మం దగ్గర కలకలం రేగింది. తలలు తిరిగాయి.

మొహిద్దీన్ వచ్చి నిలబడ్డాడు. వెనక నలుగురు సున్నీ పెద్దలు. కుర్రాళ్ళు కొందరు దిగ్గున లేచారు. బాఖర్ చెయ్యెత్తి వాళ్ళని కూర్చోమన్నాడు. కథ చెప్పే ఆయన ఆగిపోయాడు.

“నాను వినడానికి రాలేదు,” అన్నాడు మొహిద్దీన్. “సెప్పడానికొచ్చాను. బాఖర్, పాతికేళ్ళు నా వించి కింద నిలబడ్డావు. ఒక్కనాడు నీ నెత్తిన గింజ పడనివ్వలేదు నాను. అవునా?”

“అవును.”

“ఆ రోజు నా బిడ్డని ఒళ్ళో పెట్టుకుని మసీదు మెట్ల మీద కూకున్నాను. రక్తం నా చొక్కా నిండా. మా కుర్రోళ్ళు కిరసనాయిలు డబ్బా పట్టుకుని నా ముందు నుంచే ఎల్లారు. ఎక్కడికని నన్ను ఎవరూ అడగలేదు. నానూ ఆపలేదు. నాను లేచి ఒరే అంటే ఆగిపోయేవోళ్ళు. నా మాట కొట్టెయ్యరు. లోపల పెద్దసాయిబు ఉంటాడని నాకు తెలుసు. ఎప్పుడూ అక్కడే కదా ఉంటాడు. తెలిసి కూడా మొహం అటు తిప్పుకున్నాను.”

టార్పాలిన్ కింద వంద మంది ఉన్నారు. వెనక వరసలవాళ్ళు వినడానికి ముందుకి జరిగారు.

“మేస్త్రి వచ్చి ఇటికలు నావని సెప్పిన రోజు వాణ్ణి ఇంట్లోంచి గెంటీసినాను. ఆ తరవాత నాకు నిద్దర్లేదు. వాడు ఒక అబద్ధం దాసినాడు. నాను దాసింది ఇంకా పెద్దది.”

మొహిద్దీన్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. వెనక ఉన్న పెద్దలు పట్టుకోబోతే వద్దన్నాడు.

బాఖర్ లేచాడు. అందరూ ఆయన ఏం చేస్తాడో అని చూస్తున్నారు. తర్వాత వరహాలు ఎవరికి ఈ సంగతి చెప్పినా, ఆ నిమిషంలో తనకేమనిపించిందో చెప్పలేకపోయేవాడు. బాఖర్ మొహంలో క్షమ కనపడలేదనేవాడు. కోపం కూడా కాదు. కష్టం మోస్తున్న మనిషి మొహం. సభకి వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి ఆ మూల పెట్టిన కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చి మొహిద్దీన్ ముందు కూర్చున్నాడు.

“మా అన్నయ్యని తిరిగి తేలేవు. మీ ఖాజాని నేనూ తేలేను,” అన్నాడు. “నిన్ను క్షమించానని ఇవాళ అనలేను మొహిద్దీన్. అంటే అబద్ధమవుతుంది. అబద్ధాలు చాలు మనకి. కానీ ఈ సభకి వచ్చినవాడు దాహంతో వెళ్ళకూడదు. తాగు.”

మొహిద్దీన్ రెండు చేతులా గ్లాసు పట్టుకున్నాడు. సగం నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. మిగతావి తాగాడు. కథ చెప్పే పెద్దాయన మళ్ళీ మొదలెట్టాడు. ఆ రోజు ఇమాం కోసం ఏడ్చినవాళ్ళలో ఎవరు ఎవరికోసం ఏడ్చారో దేవుడికే తెలియాలి.

పని మళ్ళీ మొదలైంది నవంబరులో. ఈసారి ముందు రెండు వైపుల పెద్దలూ కలిసి వరహాలు దగ్గరికి వచ్చారు. ఏది ముందు కట్టాలని ఆయనే అడిగాడు. తుఫాను రోజులు కదా, కొట్లకి ముందు కప్పు వెయ్యమన్నాడు బాఖర్. ఆషుర్‌ఖానా అయ్యేదాకా పీర్లు ఎండలో ఉండకూడదు, ముందు అదే కట్టమన్నాడు మొహిద్దీన్. వాళ్ళ వాదన తెమిలేదాకా వరహాలు బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. చివరికి రెండూ ఒకేసారి లేపారు. గోడలు పడలేదు. మొదటి వారం మాత్రం ఇద్దరు సున్నీ కుర్రాళ్ళు, బెయిలు మీదున్న ఆరుగురిలో ఇద్దరు, మసీదు మెట్ల మీద సాయంత్రం దాకా కాపలా కూర్చున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. రెండో వారంలో ఒకడు అగ్గిపెట్టె అడిగాడు.

కుట్ర కేసు కోర్టులో కొట్టేశారు. నిప్పు పెట్టిన కుర్రాళ్ళలో ఇద్దరిని మొహిద్దీనే వెంటబెట్టుకెళ్ళి స్టేషన్లో అప్పగించాడు. వాళ్ళకి శిక్ష పడింది. ఆ ఇళ్ళవాళ్ళు చాలా ఏళ్ళు ఆయనతో మాట్లాడలేదు. 1983 మొహర్రంలో ఊరేగింపు కొత్త ఆషుర్‌ఖానా నుంచి బయల్దేరింది. అజాన్ వినపడగానే మసీదుకి యాభై గజాల ఇవతల ఆగి, నమాజు అయ్యాక కదిలింది. అలా అని ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. ఆ రెండు వర్గాలకీ ఇప్పటికీ పెళ్ళిసంబంధాలు లేవు, వాదనలున్నాయి. చావొస్తే మాత్రం ఎదుటివాళ్ళ తలుపులు తెరుచుకుంటాయి.

వరహాలు తర్వాత భీమునిపట్నం వైపు చిన్నా చితకా పనులు పట్టుకుని బతికాడు. 1987లో మోకాళ్ళు పట్టేసి పని మానేశాడు. మొహిద్దీన్ ఆయన్ని మళ్ళీ బావా అనడానికి రెండేళ్ళు పట్టింది. బాఖర్ పోయినప్పుడు అందరికన్నా ముందు వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళలో వీళ్ళిద్దరూ ఉన్నారు.

రహమత్‌బీ మాత్రం వరహాలుతో మాట్లాడలేదు. ఆ తర్వాతెప్పుడూ, ఒక్క మాటా. సన్యాసమ్మ ఒకసారి ఉండబట్టలేక, నాను ఎల్లి మాటాడనా అంటే, “వొద్దు. కొడుకు ఆవిడ కొడుకు. మాటాడకపోడం ఆవిడ ఇష్టం” అన్నాడు. మార్కెట్టుకి వెళ్ళడానికి వేరే దారులు రెండున్నాయి. అయినా ఆయన పడవలోళ్ళ వీధిలోంచే వెళ్ళేవాడు. ఆ గుమ్మం దగ్గరికి రాగానే తలకి చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, మోకాళ్ళు సహకరించినంత మెల్లగా నడిచేవాడు. ఒక్కోనాడు ఆమె గుమ్మంలో ఉండేది, ఒక్కోనాడు ఉండేది కాదు.